తెరమీది పేరు సాక్ష్యం కాదు

పటాన్‌చెరు మొదలు సదాశివపేట వరకు జాతీయ రహదారికి ఇరువైపులా విస్తరించిన పారిశ్రామిక ప్రాంతంలో సంసారాలు షిఫ్టులను అనుసరించి నడుస్తాయి. భర్త రాత్రి పనికి వెళ్లివచ్చే ఇంట్లో భార్య పగటిపూట చప్పుడు చేయకుండా వంట చేసుకుంటుంది. తండ్రి నిద్ర లేచేసరికి పిల్లలు బడికి వెళ్లిపోయి ఉంటారు. ఇలాంటి ఇళ్లలో ఒకరి క్షేమం మరొకరికి తెలిపేది ఫోనే. షిఫ్టు మారినా, బస్సు తప్పిపోయినా, ఓవర్‌టైం పడినా, జీతం బ్యాంకులో జమ అయినా కబురు అందేది దాని ద్వారానే. కనుక ఫోను మ్రోగగానే మన చూపు ముందుగా తెరమీదికి పోతుంది. అక్కడ కనబడే పేరును, నంబరును చూసి ఇది బ్యాంకువారు, ఇది పోలీసులు, ఇది ఫ్యాక్టరీ, ఇది మావాడు అని నిశ్చయించుకుంటాము. సలాము చెప్పకముందే, అవతలివారు నోరు విప్పకముందే, వారి మాట నమ్మదగినదో కాదో మన మనసు సగం తేల్చుకుని ఉంటుంది.

ఆ నంబరును తెరమీద వ్రాసేది ఎవరు? ఆ వ్రాతకు పూచీ ఎవరిది? ఈ నెల మేము పరిశీలించదలచినది ఈ ప్రశ్ననే. ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయమని పాఠకులు పుట తిప్పివేయవద్దని మనవి. జీవితకాలపు పొదుపును ఒక్క ఫోన్ కాల్‌తో పోగొట్టుకున్న కుటుంబాల కథలన్నింటిలోనూ మొదటి మెట్టు ఒకటే. తెరమీద కనబడినదానిని వారు సాక్ష్యంగా స్వీకరించారు.

ఇందుకు పరిష్కారంగా తరచు వినబడే సలహా ఒకటున్నది: తెలియని నంబరు ఎత్తవద్దు. ఈ సలహా వినడానికి బాగుంటుంది. కాని యంత్రాల మధ్య, రసాయనాల మధ్య పనిచేసే మనిషి ఇంటివారికి అది పనికిరాదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో సంభవించిన పేలుడు నలభైమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. మృతులలో బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి దూర రాష్ట్రాలనుండి పనికి వచ్చినవారు ఎందరో ఉన్నారు. మృతదేహాలను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయవలసివచ్చింది. ఆ దినాలలో ఎక్కడో ఒక పల్లెలో ఫోను పట్టుకుని కూర్చున్న తల్లికి, తెలియని నంబరు ఎత్తవద్దని ఎవరు చెప్పగలరు? ఆసుపత్రినుండి వచ్చే కాల్ తెలియని నంబరే. పక్క మంచంమీది రోగి బంధువు దయతలచి తన ఫోనునుండి చేయించే కాల్ కూడా తెలియని నంబరే. కాబట్టి మన ప్రాంతంలో ఫోను ఎత్తక తప్పదు. ఎత్తిన తరువాత అవతలి మనిషి ఎవరో నిర్ధారించుకోవడమే మనం నేర్చుకోవలసినది.

ముందుగా నంబరు ఎలా ప్రయాణం చేస్తుందో చూద్దాం. ట్రంకు కాల్స్ కాలంలో మధ్యలో ఆపరేటరు ఉండేవారు. ఫలానా ఊరినుండి ఫలానావారు మాట్లాడతారని ఆ ఆపరేటరు చెప్పిన తరువాతనే సంభాషణ మొదలయ్యేది. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మన దేశంలో తొలిసారిగా ఎస్టీడీ వచ్చింది. ఆపరేటరు లేకుండానే నేరుగా ఊరినుండి ఊరికి మాట్లాడే సదుపాయం క్రమంగా దేశమంతటా వ్యాపించింది. అప్పుడు ఫోను మ్రోగితే చేసినది ఎవరో తెలిసే మార్గమే లేదు. అందుకే రిసీవరు ఎత్తగానే మన పెద్దలు “ఎవరండీ మాట్లాడేది?” అని అడిగేవారు. తరువాతి కాలంలో కాలర్ ఐడీ వచ్చింది. తెర మనకు ముందుగానే జవాబు చెప్పసాగింది. దానితో ఆ ప్రశ్న అడిగే అలవాటు మనలో మెల్లగా అంతరించిపోయింది.

మన సెల్‌ఫోనునుండి మనం కాల్ చేసినప్పుడు, మన నంబరును అవతలివారికి పంపేది మన చేతిలోని యంత్రం కాదు. సిమ్ కార్డు ఎవరిదో గుర్తించి కంపెనీ ఎక్స్ఛేంజి ఆ నంబరును కాల్‌కు జోడిస్తుంది. అందువలన సాధారణ వినియోగదారుడు తన నంబరును తానే మార్చి చూపలేడు. ఇంతవరకు ఏర్పాటు గట్టిదే. కాని ఫోను వ్యవస్థలో అందరూ సాధారణ వినియోగదారులు కారు. ఒక పెద్ద ఫ్యాక్టరీని తీసుకోండి. లోపల స్వంత ఎక్స్ఛేంజి ఉంటుంది. టైమ్ ఆఫీసు, స్టోర్సు, ల్యాబు, క్యాంటీను, ఇలా వందకు పైగా ఫోన్లుంటాయి. వాటిలో దేనినుండి బయటికి కాల్ చేసినా అవతలివారికి కనబడేది సాధారణంగా సంస్థ ప్రధాన నంబరు ఒక్కటే. అంటే కాల్‌కు ఏ నంబరు జోడించాలో ఆ ఫ్యాక్టరీ ఎక్స్ఛేంజియే చెప్పుతున్నది. ఇందులో మోసమేమీ లేదు. ఇది న్యాయమైన అవసరం. ఆ ఎక్స్ఛేంజి చెప్పిన నంబరు నిజంగా ఆ సంస్థకు కేటాయించినదేనా అని టెలిఫోను కంపెనీ సరిచూసుకోవాలి. ఆ తనిఖీ లోపించినచోట తనది కాని నంబరును తనదని చెప్పుకునే అవకాశం పుడుతుంది. ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్స్‌లో ఈ పని మరింత సులభం.

ఇంకొక ముఖ్య విషయం. నంబరుతోపాటు ఒక చిన్న గుర్తు కూడా ఎక్స్ఛేంజిల మధ్య ప్రయాణం చేస్తుంది. ఈ నంబరును మా నెట్‌వర్కే ఇచ్చినదా, వినియోగదారుడు ఇచ్చినదా, ఇచ్చినదానిని సరిచూశామా లేదా అనే సంగతిని ఆ గుర్తు తెలుపుతుంది. కాని మన ఫోను తెరమీద ఆ గుర్తు కనబడదు. సరిచూసిన నంబరు, సరిచూడని నంబరు, రెండూ ఒకే అక్షరాలలో, ఒకే వెలుగులో మనకు దర్శనమిస్తాయి. కాల్ రెండు మూడు కంపెనీల గుండా, రెండు మూడు దేశాల గుండా వచ్చినప్పుడు ప్రతి కంపెనీ తనకు ముందున్న కంపెనీ చెప్పినదానినే నమ్మి ముందుకు పంపుతుంది. ఈ పద్ధతులు రూపొందిన కాలంలో ఫోను సంస్థలు కొద్దిగా ఉండేవి. మన దేశంలో 1990ల మధ్యలో ప్రైవేటు మొబైల్ కంపెనీలు వచ్చే వరకు ఫోన్లన్నీ ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉండేవి. ఒకరినొకరు ఎరిగినవారి మధ్య కుదిరిన నమ్మకం అది. ఇప్పుడు సంస్థలు పెరిగినాయి, ఇంటర్నెట్ వచ్చి కలిసింది, కాని ఆ పాత నమ్మకం చాలావరకు అలాగే మిగిలింది.

హదీసు విద్యతో కొద్దిపాటి పరిచయమున్న పాఠకులకు ఈ లోపం వెంటనే బోధపడుతుంది. ఒక మాట మన వరకు చేరినప్పుడు దానిని ఎవరు ఎవరినుండి విన్నారో ఆ పరంపరను, అంటే సనదును, మన పండితులు మనిషి మనిషి వరకూ పరీక్షించారు. ఉల్లేఖకుడు నమ్మదగినవాడేనా, అతడు నిజంగా తన ముందువానిని కలిసి విన్నాడా అని విచారించారు. పరంపరలో ఒక్కచోట తెగినా ఆ ఉల్లేఖనాన్ని బలహీనమైనదిగా లెక్కించారు. ఫోను తెర మనకు మాటను మాత్రం చూపుతున్నది. సనదును చూపడం లేదు.

ఈ లోపాన్ని మోసగాళ్లు ఎంత విస్తారంగా వాడుకున్నారో ఒక్క లెక్కతో తెలుస్తుంది. విదేశాలలో కూర్చుని, భారతీయ నంబరు కనబడేటట్లు చేసి ఇక్కడివారికి కాల్స్ చేయడం కొన్నేళ్లుగా పెద్ద వ్యాపారంగా మారింది. దానిని అరికట్టడానికి కేంద్ర టెలికాం శాఖ 2024 అక్టోబరు 22న ఒక కేంద్రీకృత వ్యవస్థను ప్రారంభించింది. తొలి 24 గంటలలోనే దాదాపు 1 కోటి 35 లక్షల కాల్స్‌ను దొంగ నంబరు కాల్స్‌గా గుర్తించి ఆపివేసినట్లు, భారతీయ నంబర్లతో విదేశాలనుండి వచ్చిన కాల్స్‌లో అవి సుమారు 90 శాతమని ప్రభుత్వం ప్రకటించింది. అంతకుముందు రోజు వరకు అవన్నీ మన వంటి ఇళ్లలో మ్రోగుతుండినవే కదా!

గల్ఫు దేశాలలో కుమారులు, భర్తలు ఉన్న కుటుంబాలు ఈ వ్యవస్థను గూర్చి ఆందోళన చెందనవసరం లేదు. విదేశంనుండి భారతీయ నంబరుతో కాల్ వచ్చినప్పుడు ఆ నంబరు గల వ్యక్తి ప్రస్తుతం నిజంగా విదేశంలో రోమింగులో ఉన్నాడా అని అతని కంపెనీని అడుగుతారు. ఉన్నాడంటే కాల్ లోనికి వస్తుంది. ఆ సిమ్ ఇక్కడ సంగారెడ్డిలోనే ఉన్నదని తేలితే, బయటనుండి వచ్చినది దొంగ కాల్ అని ఆపివేస్తారు. ఉమ్రాకు వెళ్లినవారు ఇక్కడి సిమ్‌తోనే మక్కా నుండి ఇంటికి మాట్లాడగలగడం ఇందుకే సాధ్యపడుతుంది.

ఒక ద్వారం మూతపడితే మోసగాడు మరొక ద్వారం వెదుకుతాడు. విదేశీ కాల్‌ను ఇంటర్నెట్ ద్వారా తెచ్చి, ఇక్కడ ఒక గదిలో పెట్టిన సిమ్ బాక్సు అనే యంత్రంలోని వందలాది సిమ్ కార్డులలో ఒకదానిగుండా మనకు చేరవేయడం వాటిలో ఒకటి. అప్పుడు తెరమీద కనబడేది నిజమైన భారతీయ నంబరే. నంబరు అబద్ధం కాదు, మాట్లాడే మనిషి ఇక్కడ ఉన్నాడనుకోవడమే అబద్ధం. హైదరాబాదుతో సహా దేశంలోని పలు నగరాలలో పోలీసులు ఇలాంటి యంత్రాలను పట్టుకున్నారు. వాటిలో వాడే సిమ్ కార్డులు ఎవరి పేరుమీద ఉంటాయన్నది ఆలోచించదగిన విషయం. దుకాణంలో సిమ్ కొనేటప్పుడు వేలిముద్ర సరిగా పడలేదని రెండుమూడుసార్లు వేయించుకున్న అమాయకుని పేరుమీద ఉండవచ్చు. కొద్దిపాటి డబ్బుకు ఆశపడి తన పేరుమీద సిమ్ తీసి ఇచ్చిన పేదవాని పేరుమీద ఉండవచ్చు.

నంబరు సంగతి ఇట్లా ఉండగా పేరు సంగతి మరీ బలహీనం. తెరమీద కనబడే పేరు మూడు నాలుగు చోట్లనుండి రావచ్చు. మన ఫోనులో మనం వ్రాసుకున్న పేరు మొదటిది. దొంగ నంబరుతో వచ్చిన కాల్ మన కుమారుని నంబరునే మోసుకువస్తే, మన ఫోను అమాయకంగా మన కుమారుని పేరునే చూపుతుంది. రెండవది, ట్రూకాలర్ వంటి యాప్ చూపే పేరు. 2009లో స్వీడన్ దేశంలో మొదలైన ఈ సేవకు నేడు అతిపెద్ద విపణి మన దేశమే. అందులోని పేర్లకు ముఖ్య ఆధారం వినియోగదారులు ఇచ్చిన సమాచారం. పదిమంది కలిసి ఒక నంబరును మోసకారిదని సూచిస్తే అది మనకు హెచ్చరికగా ఉపయోగపడుతుంది. కాని ఆ యాప్‌లో ఒక అధికారి పేరు కనబడినంత మాత్రాన అతడు అధికారి కాడు. మూడవది, వాట్సప్‌లో కనబడే పేరు, చిత్రం. ఇవి రెండూ ఎవరికి వారు పెట్టుకునేవే. ఖాకీ దుస్తుల చిత్రం పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

నాల్గవది కొత్తది. కాల్ చేసిన వ్యక్తి సిమ్ తీసుకునేటప్పుడు దరఖాస్తులో ఇచ్చిన పేరునే టెలిఫోను కంపెనీలు అవతలివారికి చూపాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది. ఆ పేరుకు గుర్తింపు పత్రాల ఆధారం ఉంటుంది గనుక ఇది మేలైన పద్ధతే. అయినా మన ఇళ్ల పరిస్థితిని ఒకసారి చూసుకోండి. అమ్మీ చేతిలోని ఫోను కుమారుని పేరుమీద ఉంటుంది. కోడలి ఫోను మామగారి పేరుమీద ఉంటుంది. పని కోసం దూరంనుండి వచ్చిన యువకుడు తోటివాని పేరుమీద తీసిన సిమ్‌తో నెలలు గడుపుతాడు. అక్కడ తెర చూపే పేరు ఫారంలోని పేరు, మాట్లాడే మనిషి వేరు. మోసగాడు పరుల పేరుమీది సిమ్ వాడితే తెర ఆ అమాయకుని పేరునే చూపుతుంది. దరఖాస్తులోని పేరు నిజమైనంత మాత్రాన ఫోనులో చెప్పే మాట నిజం కాదు.

ఇతర దేశాల అనుభవమూ ఇదే చెప్పుతున్నది. అమెరికాలో కాల్ మొదలైనచోటనే కంపెనీ దానికి ఎలక్ట్రానిక్ సంతకం చేసే పద్ధతిని చట్టం ద్వారా తెచ్చి, పెద్ద కంపెనీలు 2021 జూన్ 30 లోగా అమలు చేయాలని గడువు విధించారు. కాల్ చేసిన ఖాతాదారుని, అతనికి ఆ నంబరు వాడే హక్కును, రెండింటినీ ఎరుగుదుమంటే ఏ అనే శ్రేణి, ఖాతాదారుని మాత్రమే ఎరుగుదుమంటే బీ, కాల్ తమ వద్దకు ఎక్కడినుండి వచ్చినదో మాత్రమే తెలుసంటే సీ. ఇది పైన చెప్పిన సనదు పరీక్ష వంటిదే. కాని పాత తరహా ఎక్స్ఛేంజిల గుండా పోతే ఆ సంతకం చెరిగిపోతుంది. అంతకుమించి, ఆ సంతకం హామీ ఇచ్చేది నంబరుకే. మాట్లాడేవాని బుద్ధికి ఏ సంతకమూ హామీ ఇవ్వలేదు. ఆ దేశంలో స్థిరపడిన మన తెలుగువారికి కూడా ఈ బాధ కొత్త కాదు. వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం నంబర్లే తెరమీద కనబడేటట్లు చేసి, పాస్‌పోర్టులో, వీసాలో తప్పులున్నాయని బెదిరించి డబ్బు వసూలు చేస్తున్నారని ఆ కార్యాలయం 2018లో భారతీయులను హెచ్చరించవలసివచ్చింది.

మరి సామాన్య కుటుంబం చేయగలిగినదేమిటి? ఫోను వ్యవస్థలోనే మనకొక ఆధారం ఉన్నది. మనకు వచ్చే కాల్‌లోని నంబరు అవతలివారు చెప్పుకునే మాట మాత్రమే. మనం చేసే కాల్‌లోని నంబరు మాత్రం దారి. మనం ఒక నంబరును నొక్కినప్పుడు, ఆ నంబరు ఎవరికి కేటాయించబడినదో వెదకి వారి ఫోనునే మ్రోగించడం నెట్‌వర్కు బాధ్యత. బ్యాంకు నంబరును తన నంబరుగా చూపగలిగిన మోసగాడు, మనం బ్యాంకుకు చేసిన కాల్‌ను సాధారణంగా తన వద్దకు రప్పించుకోలేడు. కనుక మన నియమం ఇది: ఎవరు ఏ పేరుతో కాల్ చేసినా డబ్బు, ఓటీపీ, ఆధార్, బ్యాంకు వివరాలు, భయపెట్టే వార్త, వీటిలో ఏది వచ్చినా ఫోను పెట్టివేయాలి. మనవద్ద ముందునుంచీ ఉన్న నంబరుకు మనమే చేయాలి.

“మనవద్ద ముందునుంచీ ఉన్న నంబరు” అన్నమాటను పాఠకులు గట్టిగా పట్టుకోవాలి. వచ్చిన నంబరునే తిరిగి నొక్కడం చాలదు. మోసగాడు తన స్వంత సిమ్‌తో, దొంగ పేరుతో చేసి ఉంటే ఆ కాల్ మళ్లీ వాని వద్దకే పోతుంది. ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెదకడమూ ప్రమాదమే. అక్కడ దొంగ నంబర్లు పెట్టేవారున్నారు. ఏటీఎం కార్డు వెనుక ముద్రించినది, పాస్‌బుక్కుమీద ఉన్నది, ఫ్యాక్టరీ గుర్తింపు కార్డుమీద ఉన్నది, ఇవే నమ్మదగినవి. బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు సేవా సంబంధమైన కాల్స్ చేయడానికి 1600తో మొదలయ్యే నంబర్లను, ప్రచార కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లను కేటాయించారు. బ్యాంకు పేరు చెప్పి మామూలు పది అంకెల మొబైల్ నంబరునుండి ఎవరైనా మాట్లాడితే అది అనుమానించడానికి తగిన కారణం. అయితే 1600 కనబడినదని ఓటీపీ చెప్పివేయడమూ తగదు. ఏ బ్యాంకూ ఫోనులో ఓటీపీ అడగదు.

ఒక సందర్భాన్ని ఊహించి చూద్దాం. మధ్యాహ్నం మూడు గంటల వేళ ఇస్నాపూర్‌లోని ఒక ఇల్లాలికి ఫోను వస్తుంది. మీ ఆయనకు ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగింది, వెంటనే ఆపరేషన్ చేయాలి, నలభై వేలు ఈ నంబరుకు పంపండి, ఆలస్యమైతే మా బాధ్యత లేదు అంటాడు అవతలివాడు. ఆమె చేతులు వణకడం సహజం. అప్పుడామె అడగవలసినవి మూడే. మీ పేరేమిటి? ఏ ఆసుపత్రి? ఏ వార్డు? తరువాత ఫోను పెట్టివేసి భర్తకు చేయాలి. ఎత్తకపోతే అతనితో పనిచేసే భాయ్‌కి, ఆపై ఫ్యాక్టరీ గేటుకో టైమ్ ఆఫీసుకో చేయాలి. దీనికి పట్టేది రెండు మూడు నిమిషాలు. నిజంగా ప్రమాదం జరిగివుంటే ఈ ఫోన్లవలన ఆమెకు ఒక తోడు మనిషి దొరుకుతాడు. అబద్ధమైతే నలభై వేలు మిగులుతాయి. ఏ విధంగా చూసినా ఆ మూడు నిమిషాలు వృథా కావు. ఈఎస్ఐ కార్డున్న కార్మికునికి వైద్యం ఆ పథకం క్రిందనే లభిస్తుందన్న సంగతిని ఇంట్లోవారికి ముందుగానే తెలిపి ఉంచడం కూడా భర్త కర్తవ్యం.

తిరిగి ఫోను చేయడంలోనూ కొన్ని పరిమితులున్నవి. ఏవో అంకెలు నొక్కించి మన కాల్స్‌ను తమ నంబరుకు మళ్లించుకునే మోసం ఒకటున్నది. స్టార్ 401తో మొదలయ్యే ఆ అంకెల ద్వారా కాల్ ఫార్వర్డింగ్ చేసుకునే సదుపాయాన్ని 2024 ఏప్రిల్ 15 నుండి నిలిపివేయాలని టెలికాం శాఖ ఆదేశించినది ఇందుకే. మన పేరుమీద మరొక సిమ్ తీసి మన నంబరునే కాజేసే మోసమూ ఉన్నది. గొంతును అనుకరించే కృత్రిమ మేధ కూడా ఇప్పుడు వచ్చింది. అందుచేత పెద్ద మొత్తం విషయంలో ఒక్కరికి కాక ఇద్దరికి ఫోను చేయాలి. బయటివారికి తెలియని ఒక ప్రశ్నను కుటుంబమంతా ముందుగా అనుకుని ఉంచుకోవాలి. నానీ ఇంట్లో మేకపిల్ల పేరేమిటన్న చిన్న ప్రశ్న చాలును.

ఇవేవీ మనకు కొత్తగా నేర్పవలసిన మర్యాదలు కావు. హజ్రత్ జాబిర్ (రజి) దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఇంటి తలుపు తట్టినప్పుడు, ఎవరని లోపలినుండి ప్రశ్న వచ్చింది. “నేను” అని మాత్రమే ఆయన బదులు పలికారు. ఆ జవాబు ప్రవక్త (సఅసం)కు నచ్చలేదని బుఖారీ, ముస్లిం గ్రంథాలు తెలుపుతున్నవి. తలుపు తట్టినవాడు తానెవరో స్పష్టంగా చెప్పాలి, లోపలివారు అడిగి తెలుసుకోవాలి. ఫోను మ్రోగడం కూడా తలుపు తట్టడమే. ఎవరైనా తెచ్చిన వార్తను విచారించి నిర్ధారించుకోవాలని, తెలియక ఇతరులకు హాని చేసి పిదప పశ్చాత్తాపపడవద్దని హుజురాత్ సూరా బోధిస్తున్నది. కాబట్టి పోలీసునని చెప్పుకునే వ్యక్తిని పేరు, ఠాణా అడిగితే అవమానించినట్లవుతుందేమోనని మన ఇల్లాళ్లు, పెద్దలు జంకవలసిన పనిలేదు. నిజమైన అధికారి ఆ ప్రశ్నకు కోపగించడు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. వీడియో కాల్‌లో ఎవరినీ నిర్బంధించే అధికారం ఏ పోలీసుకూ లేదు.

ఆ నిర్ధారణ బాధ్యత మరొక వైపునుండి కూడా మనకు వర్తిస్తుంది. మోసగాడు వాడిన నంబరు ఏ పాపమూ ఎరుగని ఒక కార్మికునిది కావచ్చు. అతనికి ఊరూ పేరూ తెలియనివారు ఫోను చేసి దొంగవని తిడుతుంటే ఆ మనిషి ఎవరితో మొరపెట్టుకోవాలి? తెరమీద కనబడిన నంబరును పట్టుకుని, ఇతడు మోసగాడు, అందరికీ పంపండి అని వాట్సప్ గ్రూపులలో వ్యాపింపజేయడం నిరపరాధిపై నింద మోపడమే కావచ్చు. సందేహం కలిగించిన కాల్‌ను సంచార్ సాథీలోని చక్షు విభాగంలో నివేదించడమే సరైన మార్గం. మన పేరుమీద ఎన్ని ఫోన్ కనెక్షన్లు ఉన్నవో కూడా సంచార్ సాథీలోనే చూసుకోవచ్చు, మనవి కానివాటిని తొలగించమని కోరవచ్చు. కార్మిక సోదరులు దీనిని వెంటనే చూసుకోవాలని మా ప్రత్యేక మనవి. టెలీకమ్యూనికేషన్ల చట్టం 2023 ప్రకారం నంబరు వంటి గుర్తింపులను తారుమారు చేసినా, మోసంతో సిమ్ పొందినా మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. స్నేహధర్మమని మరొకరికి సిమ్ తీసి ఇచ్చేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంత జాగ్రత్త పడినా నష్టం జరగవచ్చు. జరిగితే క్షణం ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి. డబ్బు ఒక ఖాతానుండి మరొక ఖాతాకు పారిపోయేలోగా దానిని ఆపించే అవకాశం ఉంటుంది. ఈ ఆలస్యానికి చాలా ఇళ్లలో కారణం భయమే. కోడలు అత్తకు భయపడి చెప్పదు, తండ్రి కుమారుల ముందు చులకన అవుతానని చెప్పడు. ఎవరికీ చెప్పవద్దని మోసగాడు పదేపదే అనేది ఈ భయాన్ని ఎరిగే. తిట్లు పడతాయని తెలిసిన ఇంట్లో కబురు సాయంత్రానికి గాని బయటపడదు. కోపగించరని తెలిసిన ఇంట్లో అది ఐదు నిమిషాలలో బయటపడుతుంది. పోయిన డబ్బు తిరిగి దొరకడం, దొరకకపోవడం ఆ తేడామీదనే ఆధారపడవచ్చు.

ఈ పుట చదవడం ముగించిన వెంటనే పాఠకులు ఒక్క పని చేయాలని కోరుతున్నాము. ఒక తెల్లకాగితంమీద పెద్ద అక్షరాలతో ఐదు నంబర్లు వ్రాయండి: ఇంటి యజమానిది, అతనితో పనిచేసే ఒక నమ్మకస్తునిది, ఫ్యాక్టరీ గేటుది, కార్డు వెనుక ఉన్న బ్యాంకుది, 1930. దానిని వంటగది గోడకు అంటించి, చదువురాని పెద్దలకు ఏది ఎవరిదో రంగుగుర్తులతో చెప్పండి. తరువాత పిల్లలచేత ఒకసారి ఆ నంబర్లు నొక్కించి చూడండి. ఆపద వేళ ఆ కాగితం ఎక్కడ ఉన్నదో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.